రొయ్యల గుంటకి క్యూఆర్ కోడ్ లేకపోతే కిలోకి పది రూపాయలు కోత అంట. మీ పక్క కూడా ఇంతేనా?

గుంటగట్టు_విడవలూరు
మొన్న కంపెనీ తరఫున కొనేమనిషి వచ్చి నా ఫోన్లో ఒక యాప్ ఎక్కించి పోయినాడు. ఇకమీదట గుంట గుంటకీ ఒక క్యూఆర్ కోడ్ అంట. గుంట చుట్టూ తిరిగి నాలుగు మూలలా జీపీఎస్ గుర్తు పెట్టాల. సీడ్, అంటే రొయ్యపిల్లలు, ఏ హ్యాచరీలో పుట్టినవో బిల్లు ఫొటో తియ్యాల. మేత బస్తా మీద బ్యాచ్ నంబర్ ఫొటో తియ్యాల. ఏ మందు ఏ రోజు చల్లినామో రాయాల. ఇయ్యన్నీ లేకుండా సరుకు ఎత్తితే కిలోకి పది కోత. అమెరికా వాళ్ళు, యూరప్ వాళ్ళు అడుగుతుండారంట.

అడగనీ, తప్పేం లేదు. ఇంత రాసి పెడితే రేటు ఏమన్నా పెంచుతారా అంటే "అది పైవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. రాయకపోతే కోత ఉండాది గానీ, రాసినోడికి ఒక్క రూపాయి లేదు. ఇదేం లెక్క? ముత్తుకూరు, అల్లూరు, కొత్తపట్నం వాళ్ళు చెప్పండి, మీ పక్క ఎట్టుండాది?

అల్లూరు_రవ్వ
మాకు "ఈ పంటకి చూసీచూడనట్టు పోతాం" అన్నారు. అంటే వచ్చే పంటకి పదిహేను.

కొత్తపట్నం_కెరటం
మా వైపు ఇంకా కాయితాలే నడుస్తన్నాయి. ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ఎన్‌రోల్‌మెంట్ కార్డు జెరాక్స్, పట్టుబడికి (గుంటలో సరుకు పట్టేదానికి) ముందు చేయించిన ఎలైజా టెస్టు (మందుల అవశేషాలు చూసేది) రిపోర్టు. ఈ రెండూ ఉంటే బండి ఎక్కిద్ది. యూరప్ పోయే సరుక్కయితే ఆ టెస్టు రిపోర్టు లేకుండా కుదరదు.

చెక్‌ట్రే_చిన్నోడు
ఏ కంపెనీ అన్నా అది? పేరు చెప్తే మేం కూడా జాగ్రత్తపడతాం.

వేదిక_నిర్వాహకుడు
కంపెనీ పేర్లు, ఏజెంట్ల పేర్లు ఇక్కడ వద్దు. సంగతి మాట్లాడుకోండి.

ల్యాబ్_కుర్రోడు
రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ల్యాబ్‌లో కొన్నేళ్ళు పనిచేశాను కాబట్టి వాళ్ళ వైపు కథ కూడా చెప్తా, తిట్టుకోకండి.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు రొయ్యలకి నిషేధం. మన సరుకులో ఇవి బయటపడుతున్నాయని 2016లో యూరప్ వాళ్ళు మన కన్‌సైన్‌మెంట్లలో నూటికి పది చెక్ చేసేది కాస్తా యాభైకి పెంచారు. 2022 నవంబరు నుంచి హద్దు ఇంకా కిందికి దించారు. నైట్రోఫ్యూరాన్ల అవశేషానికి కిలోకి 0.5 మైక్రోగ్రాము, క్లోరాంఫెనికాల్‌కి 0.15. ఒక గ్రాముని పది లక్షల ముక్కలు చేస్తే అందులో సగం ముక్క కిలో రొయ్యలో ఉన్నా మిషన్ పట్టేస్తుంది.

ఇప్పుడు ఒక కంటైనర్లో దొరికిందనుకోండి. అందులో ఎవరెవరి గుంటల సరుకుందో ప్లాంటు చూపించలేకపోతే మొత్తం కంటైనరే కాదు, ఆ ప్లాంటు నుంచి వచ్చే ప్రతి కంటైనర్ మీదా అనుమానమే. ఫలానా తారీకు, ఫలానా గుంట అని చూపించగలిగితే ఆ లాట్ వరకూ పక్కన పెడతారు. అందుకని గుంట దాకా అడుగుతున్నారు.

అమెరికాది ఇంకో రూలు. 2022లో ఎఫ్‌డీఏ (వాళ్ళ ఆహార, మందుల సంస్థ) తెచ్చిన ట్రేసబిలిటీ రూల్లో, అంటే సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి వెతికే రూల్లో, రొయ్యలు, పీతలు కూడా జాబితాలో ఉన్నాయి. పెంచిన సరుకైతే అది ఏ చెరువులోదో ఏ ట్యాంకులోదో పేరుతో సహా రాయాలని అందులోనే ఉంది. అడిగిన 24 గంటల్లో రికార్డు చేతిలో పెట్టాలి. కాయితాల కట్టలు వెతికి ఒక రోజులో చూపించడం ఎవరివల్లా కాదు. మీ ఫోన్లోకి యాప్ వచ్చింది అందుకు.

గుంటగట్టు_విడవలూరు
ఈ అమెరికా రూలు ఎప్పట్నుంచి?

ల్యాబ్_కుర్రోడు
మొదట 2026 జనవరి 20 అన్నారు. అది 2028 జూలై 20 దాకా జరిగింది.

అల్లూరు_రవ్వ
2028లో వచ్చే రూలుకి ఇప్పుడే కోతా! పెళ్ళెప్పుడో తెలీదు గానీ కట్నం మాత్రం ముందే కట్టమన్నట్టుండాది.

ల్యాబ్_కుర్రోడు
@అల్లూరు_రవ్వ నవ్వొచ్చింది గానీ, పూర్తిగా అలా కాదు. దిగుమతి చేసుకునే రొయ్యలు ఎక్కడ పెంచారు, ఎప్పుడు పట్టారు అన్న వివరం ఇవ్వాలని అమెరికాలో వేరే రూలు 2018 డిసెంబరు 31 నుంచే ఉంది. ఎక్స్‌పోర్టర్లకి ఇది పాత పనే, ఇన్నాళ్ళూ వాళ్ళ ఆఫీసులో గుమాస్తా రాసేవాడు. ఇప్పుడు ఆ గుమాస్తా పని రైతు మీదికి వచ్చింది.

గుంటగట్టు_విడవలూరు
అదీ మాట. గుమాస్తా జీతం నాకిమ్మనండి మరి.

కౌలు_కృష్ణపట్నం
మీరంతా సొంత గుంటలోళ్ళు. నాది లీజు. యాప్‌లో సర్వే నంబర్ కొడితే ఓనరు పేరు వచ్చింది, ఓటీపీ ఓనరు ఫోనుకి పోయింది. ఓనరు బెంగుళూరులో ఉద్యోగం. నేను ఫోన్ చేస్తే మీటింగులో ఉండాను అంటాడు, మీటింగ్ అయ్యేలోపల ఓటీపీ చచ్చిపోతాది. ఆఖరికి పంపించినాడు గానీ ఇప్పుడు యాప్‌లో రైతు పేరు ఆయనది, గుంటలో రాత్రిళ్ళు కాపలా పడుకునేది నేను. రేపు ఏదన్నా మంచి రైతుకి బోనస్ అంటే బెంగుళూరు పోతాది, టెస్టులో పాజిటివ్ వస్తే మాత్రం ఏజెంటు నా ఇంటికే వస్తాడు.

చెక్‌ట్రే_చిన్నోడు
@కౌలు_కృష్ణపట్నం మాకూ అంతే. ఓనరు ఫోన్లో వచ్చే మెసేజీలు చూసి ఆయన భార్య "ఎవరండీ మనకి రోజూ మేత ఫొటోలు పంపిస్తుండాడు" అని అడిగిందంట.

ఐస్‌బండి_కావలి
నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, అయినా చెప్తా. గుంటకీ ప్లాంటుకీ మధ్యలో నా బండి ఉంటది. అక్కడ ఏం జరుగుద్దో ఈ యాప్‌లో ఒక్క గడి కూడా లేదు.

పెద్ద రైతయితే ఒక్క గుంట సరుకుతో బండి నిండుద్ది, పేచీ లేదు. ఎకరం, ఎకరన్నర వాళ్ళవి అయితే మూడు నాలుగు గుంటల సరుకు ఒకే బండిలో. అర్ధరాత్రి పట్టుబడి, పైన వాన, తలకి కట్టుకున్న లైటు. క్రేట్లో కింద ఐసు, మీద రొయ్య, మళ్ళీ ఐసు. రైతు పేరు రాసిన స్లిప్పు పైన పెడతాం. నెల్లూరు దాటేసరికి ఐసు నీళ్ళకి సిరా కారిపోయి స్లిప్పు క్రేటుకి అంటుకుపోయి ఉంటది, గోటితో గీకితే ముద్దగా వస్తది. షెడ్డు దగ్గర ఏ క్రేటు ఎవరిదో ఏజెంటు నోటితో చెప్పిందే లెక్క. ఒకళ్ళది 40 కౌంట్ (కిలోకి 40 రొయ్యలు), ఇంకొకళ్ళది 42 అయితే రెండూ కలిపి ఒకే లాట్ చేసేస్తారు, గ్రేడింగ్ (సైజులవారీగా వేరుచెయ్యడం) సుళువని. ప్లాంటులో దించేటప్పుడు ఆ లాట్‌కి ఒక్క క్యూఆరే స్కాన్ చేస్తారు. ఎవరిది పైన కనపడితే వాళ్ళది.

నేను ముందు పనిచేసిన ఓనరు ఒకాయన ఉండేవాడు. రైతుకో రంగు నైలాన్ తాడు క్రేటు చెవికి ముడేసేవాడు. పచ్చ తాడు ఫలానా ఆయన, ఎర్ర తాడు ఫలానా ఆయన, చిన్న డైరీలో రాసుకునేవాడు. ఐసు నీళ్ళకి తడిసినా తాడు రంగు పోదు. ఆయన బండ్లో ఎప్పుడూ గొడవ రాలా. యాప్ లేదు, చార్జింగ్ అక్కర్లా.

గుంటగట్టు_విడవలూరు
@ఐస్‌బండి_కావలి అబ్బ, ఇది నాకు తట్టనే లేదు. అంటే నేను ఎంత సుబ్బరంగా రాసుకున్నా పక్కోడి రొయ్య నా క్యూఆర్ మీద పోవచ్చు!

ఐస్‌బండి_కావలి
పోవచ్చు కాదు, పోతాది.

ఇందుకూరుపేట_ఏరియేటర్
మాకు పోయిన పంటలో అయింది ఇదే అని ఇప్పుడు అనిపిస్తుండాది. పట్టుబడికి ముందు మా గుంట టెస్టు క్లీన్. సరుకు పోయినాక ఫోన్, మీ లాట్ పాజిటివ్, డబ్బు ఆపేసినాం అని. నా గుంటదే అయితే ముందు టెస్టులో ఎందుకు రాలా అని అడిగితే జవాబు లేదు. ఆ రాత్రి నాతోపాటు ఇంకా ఇద్దరి సరుకు అదే బండి ఎక్కింది. ఆఖరికి సగం రేటుకి తెగ్గొట్టి చేతిలో పెట్టినారు. రిపోర్టు కాయితం మాత్రం ఇప్పటికీ చూపించలా.

ల్యాబ్_కుర్రోడు
@ఇందుకూరుపేట_ఏరియేటర్ రిపోర్టు అడగడం మీ హక్కే అనుకోండి, గట్టిగా అడగండి. అందులో ఏ మెటబొలైట్ (మందు ఒంట్లో విరిగి మిగిలే పదార్థం) వచ్చిందో చూడాలి. నైట్రోఫ్యూరాన్లలో ఒకదానికి గుర్తుగా సెమికార్బజైడ్ అని కొలుస్తారు. నీలకంఠ రొయ్య పెంకులో అది మందు వాడకపోయినా సహజంగానే ఉంటుందని తేలింది. అందుకని పెంకు పూర్తిగా తీసి మాంసం మాత్రమే టెస్టు చెయ్యాలంటారు. మీది వెనామి, ఆ రకం రొయ్య కాదు కాబట్టి అదే కారణమని నేననను. కానీ శాంపుల్ ఎలా తీశారు, ఎవరి క్రేటులోంచి తీశారు అన్నది కాయితం చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. మీరు చల్లిన మందు డబ్బాలు దాచారా?

ఇందుకూరుపేట_ఏరియేటర్
డబ్బాలెవరు దాస్తారబ్బా. గట్టు మీద కాకులు ఎత్తుకుపోయినాయి.

ల్యాబ్_కుర్రోడు
అసలు దొంగ చాలాసార్లు ఆ డబ్బాలోనే ఉంటాడు. తెల్ల డబ్బా, పైన రొయ్య బొమ్మ, "గట్ ప్రోబయోటిక్, గ్రోత్ బూస్టర్" అని రంగురంగుల అక్షరాలు. లోపల ఏముందో రాయడు, బ్యాచ్ నంబర్ ఉండదు, తయారీ చిరునామా సగం చెరిగి ఉంటుంది. రైతు యాంటీబయాటిక్ వాడలేదని ప్రమాణం చేస్తాడు, నిజంగానే తెలిసి వాడడు. అది అందులో కలిపి ఉంటుంది.

యాంటీబయాటిక్ లేదని నిరూపించుకున్న ఆక్వా మందులకి, మేతలకి చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఏయే సరుక్కి ఇచ్చారో వాళ్ళ వెబ్‌సైట్లో జాబితా ఉంటుంది. కొనే ముందు అందులో పేరు ఉందో లేదో చూసుకోండి. యాప్‌లో మందు పేరు రాయమంటున్నారు కదా, డబ్బా అన్ని వైపులా ఫొటో తీసి అందులోనే పడేయండి. అది కంపెనీకి ఎంత పనికొస్తుందో మీకూ అంత పనికొస్తుంది.

అల్లూరు_రవ్వ
షాపువాడు అప్పు మీద ఇస్తాడు. అప్పు మీద తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ అడిగితే, ముందు బాకీ కట్టు ఆనక సర్టిఫికెట్ చూపిస్తా అంటాడు.

కొత్తపట్నం_కెరటం
@అల్లూరు_రవ్వ లక్ష రూపాయల మాట చెప్పావు. మేత అప్పు, మందు అప్పు, ఆఖరికి సరుకు కూడా ఆ షాపువాడు చెప్పిన ఏజెంటుకే ఎయ్యాలి. ఇందులో రైతు ఏం ఎంచుకున్నాడని రాస్తాడు?

కోడ్_కందుకూరు
ఊరు కందుకూరు, ఉద్యోగం బెంగుళూరు (ఎవరి గుంటకీ ఓనర్ని కాదు, ముందే చెప్తున్నా). సాఫ్ట్‌వేర్ వైపు నుంచి రెండు ముక్కలు.

2016-17లో వాల్‌మార్ట్ వాళ్ళు బ్లాక్‌చైన్ మీద ఒక పరీక్ష చేశారు. కోసి ప్యాకెట్లో పెట్టిన మామిడి ముక్కలు ఏ తోటవో కనుక్కోమంటే మామూలు పద్ధతిలో దాదాపు 7 రోజులు పట్టింది, బ్లాక్‌చైన్‌లో 2.2 సెకన్లు. ఆ తర్వాత 2019లో మన ఆంధ్ర ప్రాసెసర్ ఒకరి రొయ్యల్ని కూడా ఆ పద్ధతిలోనే అమెరికాలో శామ్స్ క్లబ్ స్టోర్ల దాకా పంపారు. కాబట్టి సాంకేతికంగా కొత్తేం కాదు.

కానీ ఆ 2.2 సెకన్లు వెతకడానికి పట్టిన టైము. ఎక్కించడానికి పట్టిన టైము ఎవరూ చెప్పరు. బ్లాక్‌చైన్ గొప్పతనమల్లా ఒకసారి ఎక్కిన మాటని తర్వాత ఎవరూ మార్చలేరు. షెడ్డు దగ్గర ఏజెంటు రెండు గుంటలు కలిపి ఒకటని ఎక్కిస్తే ఆ అబద్ధం కూడా చెక్కుచెదరకుండా ఉండిపోద్ది. @ఐస్‌బండి_కావలి చెప్పిన పచ్చ తాడు ఎర్ర తాడు సంగతి మా ఆఫీసులో చెప్తే నవ్వుతారు గానీ, సిస్టమ్‌లో లేని ముక్క సరిగ్గా అదే. తడవని ప్లాస్టిక్ ట్యాగ్ మీద కోడ్ ముద్రించి క్రేటుకి సీల్ వేసి, గుంట దగ్గర ఒకసారి, షెడ్డులో ఒకసారి, ప్లాంటులో ఒకసారి స్కాన్ చేస్తే చాలు. ఖర్చు రైతుది కాకూడదు.

చెక్‌ట్రే_చిన్నోడు
రాత్రి రెండింటికి వానలో స్కాన్ చేసేది ఎవరన్నా? నా ఫోను చేతి తడికే పనిచెయ్యదు.

కోడ్_కందుకూరు
@చెక్‌ట్రే_చిన్నోడు దానికి నా దగ్గర జవాబు లేదు.

భాగహారం_బాలయ్య
ఒకటి ఎవరూ చూడలా. సీడ్ బిల్లులో పిల్లల లెక్క ఉంటాది. జీపీఎస్‌లో గుంట విస్తీర్ణం ఉంటాది. వెనామికి చదరపు మీటరుకి 60 పిల్లలకి మించి వెయ్యకూడదని రూలు. రెండు అంకెలూ ఒకే యాప్‌లో ఉంటే భాగహారం అదే చేసేస్తాది. ఇక్కడ ఎంతమంది 60కి లోపల వేస్తుండారో చేతులెత్తండి.

అల్లూరు_రవ్వ
నా చేతికి దెబ్బ తగిలింది, ఎత్తలేను.

గుంటగట్టు_విడవలూరు
నేను ఎత్తినా. నిజంగానే. కరెంటు బిల్లు భయానికి తక్కువ వేస్తా.

కౌలు_కృష్ణపట్నం
కరెంటు అంటే గుర్తొచ్చింది. ఆక్వా జోన్లో ఉన్నోళ్ళకి యూనిట్ రూపాయిన్నర కదా. మా ఓనరు భయమల్లా అదే. కొలతలో అర ఎకరం ఎక్కువ చూపిస్తే సబ్సిడీకి ఎసరు వస్తాదేమో అని జీపీఎస్ తిరగనీలా. కంపెనీ యాప్‌లో ఉన్న వివరం ప్రభుత్వానికి పోతాదా పోదా? ఎవరికన్నా తెలుసా?

కోడ్_కందుకూరు
యాప్ ఎక్కించేటప్పుడు "ఒప్పుకుంటున్నా" అని నొక్కిన పేజీలో ఉంటుంది. ఎవరూ చదవరు. తెలుగులో ఇమ్మని అడగండి, ఇవ్వాల్సిందే అని పట్టుబట్టండి.

పాతగుంట_మైపాడు
పిల్లలు చాలా మాట్లాడుతుండారు, నేను ఒక పాత సంగతి చెప్తా.

టైగర్ రొయ్య రోజుల్లో మా పక్క గుంట తవ్వనోడు లేడు. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చింది. పొద్దున చూస్తే గట్టు వారన ఎర్రగా తేలి ఉండేయి, చేత్తో ఎత్తితే పెంకు మీద సున్నపు చుక్కలు. ఒక గుంటలో వచ్చిందంటే వారంలో కాలవ పొడవునా ఖాళీ. సీడ్ యాడదిరా అంటే "మద్రాసుది" అనేవాళ్ళు, ఇంకొకడు "వైజాగుది" అనేవాడు. తల్లి రొయ్య సముద్రంలో పట్టింది, ఏ బోటు పట్టిందో, ఏ హ్యాచరీలో గుడ్లు పెట్టిందో అడిగే దిక్కు లేదు. ఏ సీడ్‌తో వచ్చిందో తెలిసుంటే కొన్ని కాలవలన్నా మిగిలేయి. నేను అప్పుడు పోగొట్టుకున్న పొలం తిరిగి కొనలా.

ఆనక 1996లో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వెనామికి అనుమతి. ఇప్పుడు విదేశం నుంచి వచ్చే తల్లి రొయ్య చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండి, టెస్టులు అయినాకే హ్యాచరీకి పోతాది. అంటే తల్లికి రికార్డు ఉండాది. మీ చేతికొచ్చే పిల్లకి బిల్లు ఉండాది. నడాన హ్యాచరీ ట్యాంకు ఒక్కటే చీకటి. మీ దగ్గర జీపీఎస్ అడిగేవాళ్ళని, హ్యాచరీ దగ్గర ట్యాంకు నంబర్ కూడా అడగమనండి.

ఇందుకూరుపేట_ఏరియేటర్
పెద్దాయన చెప్పింది నిజం. ఈహెచ్‌పీ రోగం వచ్చి సైజు పెరక్క ఆగిపోతే హ్యాచరీ వాళ్ళనే మాట "మీ గుంట అడుగు బాగలేదు". మా ఊర్లో ఐదారుమంది ఒకే వారం సీడ్ దింపుకున్నాం, అందరికీ ఎదుగుదల ఆగింది. ఐదు గుంటల అడుగూ ఒకేసారి చెడిపోయిందా? బిల్లులో ట్యాంకు నంబర్ ఉంటే పక్కపక్కన పెట్టి అడిగేవాళ్ళం.

ల్యాబ్_కుర్రోడు
@పాతగుంట_మైపాడు @ఇందుకూరుపేట_ఏరియేటర్ ఈ చర్చలో నాకు బాగా నచ్చిన మాట ఇదే. కొనేవాడికి రైతు మీద అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి చూసే దారి వేస్తున్నారు. రైతుకి సీడ్ మీదో మేత మీదో అనుమానం వస్తే వెళ్ళే దారి కూడా అందులోనే ఉండాలి. డేటా అదే, తిప్పి చూడటమే.

వేలంకేంద్రం_కొండపి
మీరు ఆశ ఎక్కువ పెట్టుకుంటన్నారు. పొగాకు రైతుని, నా అనుభవం వినండి. మాకు బోర్డు రిజిస్ట్రేషన్ ఉంది, ఆకు ఆరబెట్టే బ్యారన్‌కి లైసెన్సు ఉంది, బేలు బేలుకీ నంబర్ ఉంది, వేలం కూడా కంప్యూటర్లోనే. నా బేలు ఏ రోజు ఏ కేంద్రంలో ఏ రేటుకి ఎవరు కొన్నారో బటన్ నొక్కితే వచ్చిద్ది. ఇన్ని ఉన్నా కొనేవాళ్ళు తగ్గితే రేటు తగ్గిద్ది. నంబర్ బేలుకి ఉంటది గానీ రేటు కొనేవాడి చేతిలో ఉంటది.

చెక్‌ట్రే_చిన్నోడు
ఇది తినే సరుకు గురించిన చర్చ కదన్నా, పొగాకు ఎట్టా వచ్చింది?

వేలంకేంద్రం_కొండపి
మా తాత నమిలేవాడు.

కొత్తపట్నం_కెరటం
@వేలంకేంద్రం_కొండపి ఒక్క తేడా ఉంది బాబాయ్. మీకు రేటు అందరి ముందూ బోర్డు మీద కనపడుద్ది, మోసం జరిగిందని ఎవరూ అనలేరు. మాకు రేటు ఫోన్లో ఏజెంటు నోటి నుంచి వచ్చిద్ది, పట్టుబడి అయ్యేలోపల రెండుసార్లు మారిద్ది. మాకు ముందు మీ దాంట్లో సగం వచ్చినా చాలు.

వేలంకేంద్రం_కొండపి
అది ఒప్పుకుంటా.

నిమ్మతోట_పొదలకూరు
రొయ్యలకేనా? మా నిమ్మకాయలకి కూడా పెట్టండి. మార్కెట్లో దించిన బస్తా నాది, పక్కన రాశి పోసేసరికి అది అందరిదీ. ఉత్తరాది పోయినాక కాయ చెడిపోయిందని కోత కోస్తారు. ఎవరి కాయ చెడిందో దేవుడికి తెలవాల.

మొలగొలుకులు_ప్రియుడు
బియ్యం సంగతి కూడా ఎవరన్నా పట్టించుకోండి సార్. హైదరాబాదులో ప్రతి షాపులో "నెల్లూరు మొలగొలుకులు" బోర్డే. అన్ని మొలగొలుకులు పండాలంటే నెల్లూరు జిల్లాలో ఇళ్ళు కూలగొట్టి నాట్లు వెయ్యాలి. క్యూఆర్ అవసరం అక్కడ ఉంది.

గుంటగట్టు_విడవలూరు
@మొలగొలుకులు_ప్రియుడు బస్తా మీద బార్‌కోడ్ 890తో మొదలైతే మన దేశం సరుకే అంటారు గదా?

కోడ్_కందుకూరు
కాదు. 890 అంటే ఆ నంబర్ తీసుకున్న కంపెనీ, బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్1 ఇండియాలో నమోదు చేసుకుందని, అంతవరకే. లోపల సరుకు ఎక్కడ పండిందో ఆ అంకె చెప్పదు.

డాలస్_దర్గామిట్ట
ఇక్కడి పరిస్థితి చెప్తా. స్టోర్లో రొయ్యల ప్యాకెట్ మీద దేశం పేరు, పెంచినవా సముద్రంలో పట్టినవా అన్నది చట్టప్రకారం రాయాలి, రాస్తారు. "ఇండియా, పెంచినవి" అని ఉంటుంది. నెల్లూరు అని ఎక్కడా ఉండదు. నిన్న ఒక ప్యాకెట్ మీద క్యూఆర్ కనపడితే, మన ఊరి గుంట కనపడుతుందేమోనని ఆశగా స్కాన్ చేశా. వెల్లుల్లి వెన్నతో రొయ్యలు ఎలా వండాలో వీడియో వచ్చింది.

అల్లూరు_రవ్వ
చూసినారా, మనం నాలుగు మూలలా తిరిగింది వెల్లుల్లి కోసం.

ల్యాబ్_కుర్రోడు
@డాలస్_దర్గామిట్ట అది ప్రచారానికి వేసే క్యూఆర్. ట్రేసబిలిటీ వివరం ప్యాకెట్ మీదున్న లాట్ కోడ్‌లో ఉంటుంది, దాన్ని కంపెనీలు, అధికారులు చూసుకుంటారు, కొనుక్కునేవాళ్ళకి చూపించాలని రూలు లేదు.

కొత్తపట్నం_కెరటం
లాట్ కోడ్ అంటే గుర్తొచ్చింది. గుంట దగ్గర కిలో తూచి, పరిచి లెక్కపెడితే 50 కౌంట్. రైతు, ఏజెంటు ఇద్దరూ చూస్తారు. ప్లాంటుకి పోయాక 54 అంటారు, మెత్తవి తీసేశాం అంటారు, తూకంలో నీళ్ళు పోయినాయి అంటారు. మనం చూడలేం. గుంట నుంచి ప్లాంటు దాకా కోడ్ పోతంటే, ప్లాంటులో ఆ కోడ్ మీద గ్రేడింగ్ లెక్క ఎంత వచ్చిందో అదే యాప్‌లో మనకి కనపడొచ్చు కదా? ఇది కుదరని పనా?

కోడ్_కందుకూరు
సాఫ్ట్‌వేర్‌లో అది చాలా చిన్న పని. అదే రికార్డు, ఇంకొకళ్ళకి చూసే అనుమతి ఇవ్వాలి, అంతే. వాళ్ళకి ఇష్టం ఉంటే ఒక పూటలో అయిపోద్ది.

ఐస్‌బండి_కావలి
వాళ్ళకి ఇష్టం ఉండదు.

పాతగుంట_మైపాడు
ఒక్కడు అడిగితే ఇష్టం ఉండదు. కాలవ మీద ఉన్న గుంటలోళ్ళంతా కలిసి, గ్రేడింగ్ లెక్క చూపిస్తేనే యాప్‌లో రాస్తాం అంటే ఇష్టం వస్తాది. సరుకు కావాల్సింది వాళ్ళకి.

అల్లూరు_రవ్వ
కలిసి అంటే, ఏజెంటు మనలో ఒకడికి రూపాయి ఎక్కువ ఇస్తాడు, ఆడ విరిగిపోతాది. ఎన్నిసార్లు చూళ్ళా.

పాతగుంట_మైపాడు
విరిగిపోతాది, నిజమే. అయినా అడగాల.

గుంటగట్టు_విడవలూరు
ఇప్పుడే మా కొనేమనిషికి ఫోన్ చేసినా. మూడు అడిగినా. క్రేటుకి సీల్ ట్యాగ్ మీరే ఇవ్వండి, బండిలో నా సరుకు ఎవరితోనూ కలపొద్దు, గ్రేడింగ్ లెక్క నాకు యాప్‌లో చూపించండి అని. మొదటిది "కనుక్కుంటా" అన్నాడు. రెండోదానికి "బండి నిండేంత సరుకుంటే విడిగా పంపిస్తాం" అన్నాడు, అంటే చిన్న రైతు సంగతి వదిలేసినట్టే. మూడోదానికి నవ్వినాడు.

నాకు నాలుగు గుంటలు. రెండింటికి యాప్‌లో అన్నీ రాస్తా, పెద్దయి కాబట్టి ఒక్కోటి ఒక బండికి సరిపోతాది. చిన్నయి రెండూ ఆపుతా. కోత పడితే పడనీ, వేరే వాళ్ళ రొయ్య నా పేరు మీద పోవడం కన్నా ఆ పదే నయం.

ల్యాబ్_కుర్రోడు
మంచి పని. యాప్‌లో రాసింది ప్రతిదీ మీ దగ్గర కూడా ఉంచుకోండి, రేపు యాప్ మారినా కంపెనీ మారినా పనికొస్తుంది. మేత బస్తా ట్యాగులు పారేయొద్దు. సీడ్ దించే రోజు పీసీఆర్ (రోగాల టెస్టు) రిపోర్టు మీద హ్యాచరీ ట్యాంకు నంబర్ రాయించుకోండి, రాయనంటే ఆ సంచుల మీదున్న గుర్తులన్నా ఫొటో తీసుకోండి. పట్టుబడికి ముందు టెస్టు రిపోర్టు ఒరిజినల్ ఏజెంటుకి ఇవ్వకండి, జెరాక్స్ ఇవ్వండి.

ఇందుకూరుపేట_ఏరియేటర్
ఒరిజినల్ ఇవ్వకపోతే బండి కదలనీడు మా ఏజెంటు.

ల్యాబ్_కుర్రోడు
అయితే ఇచ్చే ముందు ఫొటో తీసి, బండి నంబర్, క్రేట్ల లెక్కతో కలిపి ఆయన వాట్సాప్‌కే పంపండి. తారీకు, టైము దానంతట అదే పడుద్ది. ఆయన నీలం టిక్కులు పెట్టుకోకపోయినా పర్వాలేదు.

కౌలు_కృష్ణపట్నం
@కోడ్_కందుకూరు కౌలుదారు పేరు మీద విడిగా ఖాతా తెరిచే దారి ఏదన్నా ఉంటే చెప్పన్నా. మా ఓనరుకి రేపట్నుంచి రాత్రి షిఫ్టంట.